మింగమని చెప్పింది నేనే

మా మేనకోడలు శ్రావణికి ఈ మధ్యే ప్రభుత్వ దవాఖానాలో ఫార్మసిస్టు ఉద్యోగం వచ్చింది. చేరేముందు ఇంటికొచ్చి, "మామయ్యా, ముప్పై ఏళ్లు చేశారు కదా, నాలుగు మంచి మాటలు చెప్పండి" అంది. నేను గొంతు సవరించుకుని, మందులు ఏ చల్లదనంలో ఉంచాలి, గడువు తేదీలు ఎలా చూడాలి అంటూ మొదలుపెట్టాను. పది నిమిషాలు ఓపిగ్గా విని, "ఇవన్నీ పుస్తకంలో ఉన్నాయి మామయ్యా. మీరు చేసిన తప్పులు చెప్పండి" అంది.

వంటింట్లోంచి మా ఆవిడ అందుకుంది. "అయితే రాత్రి భోజనం కూడా ఇక్కడే చెయ్యమ్మా. తెమలదు."

భోజనం చేసినా తెమలలేదు. అందుకే ఒక్క సంగతి మాత్రం తీసుకుని రాస్తున్నాను. నా ఉద్యోగంలో నేను నేర్చుకున్నదేమైనా ఉంటే అది ఈ ఒక్కదాని వల్లే. అది కూడా ఆలస్యంగా, పదిమంది నవ్వుతుండగా నేర్చుకున్నాను.

జాలీ వెనక

మాది తెనాలి వైపు. ఉద్యోగం పాతబస్తీలో, ఫలక్‌నుమా దగ్గర ఒక చిన్న దవాఖానాలో. ఇల్లు సంతోష్‌నగర్‌లో. మందులిచ్చే గదికి ఒక కిటికీ, దానికి ఇనుప జాలీ, జాలీ కింద చెయ్యి పట్టేంత సందు. చీటీ లోపలికి వచ్చేది, మందులు బయటికి వెళ్లేవి. ఇన్నేళ్లలో నా ముఖం సరిగ్గా చూసినవాళ్లు తక్కువ. ఒకసారి బజార్లో ఒకావిడ నన్ను గుర్తుపట్టలేదు గానీ, అరటిపళ్లు అందుకుంటున్న నా చేతి ఉంగరాన్ని గుర్తుపట్టి "సలాం సాబ్" అంది.

నాకు రెండు గర్వాలుండేవి. ఎంతటి డాక్టరు చేతిరాతనైనా చదివేయగలనన్నది ఒకటి. వరసను నాకంటే వేగంగా కదిలించేవాడు జిల్లాలో లేడన్నది రెండోది. ఆ రెండోది నాకు నేనే ఇచ్చుకున్న బిరుదు. వేగంలో రహస్యమేమీ లేదు. మాట్లాడకపోవడమే. "పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి" అనేవాడిని. అదే మాట ఉర్దూలో కూడా వచ్చు. జ్వరానికైనా, కడుపునొప్పికైనా, ఆయాసానికైనా నా ఉపన్యాసం అంతే.

వరసలో ఉన్నవాళ్లు ఏదైనా అడగబోతే, "తర్వాత" అని అరిచేవాడిని. అంటే తర్వాత మీ ప్రశ్నకు జవాబిస్తానని కాదు, తర్వాతివాళ్లు రండి అని.

ఆయాసం మందులు

నేను చేరిన కొత్తలో మా దవాఖానాలో ఆయాసానికి మాత్రలే ఉండేవి. సాల్బుటమాల్ మాత్ర ఒకటి. ఊపిరితిత్తుల్లోకి గాలి మోసుకెళ్లే గొట్టాల చుట్టూ ఉండే కండరం బిగుసుకుపోతే అది వదులు చేస్తుంది. కానీ మింగితే ఒళ్లంతా తిరిగి అక్కడికి చేరాలి కాబట్టి దారిలో చేతులు వణికిస్తుంది, గుండె దడ పుట్టిస్తుంది. ఒక దర్జీ వచ్చి, "ఊపిరి మంచిగ ఆడుతుంది సార్, సూదిల దారం ఎక్కుతలేదు" అన్నాడు. థియోఫిలిన్ అని ఇంకోటి. అది కాస్త తక్కువైతే పని చేయదు, కాస్త ఎక్కువైతే వాంతులు, గుండె లయ తప్పడం. ఇక స్టెరాయిడ్ మాత్రలు. ఆయాసం ముదిరినప్పుడు నాలుగైదు రోజులు వాడితే ప్రాణం నిలబెడతాయి. బాగుంది కదా అని నెలల తరబడి వాడితే ముఖం ఉబ్బుతుంది, షుగరు పెరుగుతుంది, ఎముకలు గుల్లబారతాయి. చాలాకాలం వాడినవాళ్లు ఒక్కసారిగా మానేసినా ప్రమాదమే.

తర్వాత పీల్చే మందులు వచ్చాయి. జనం భాషలో పంపులు. మాత్రలో ఇరవయ్యో వంతు మందుతో, నేరుగా ఎక్కడ జబ్బుందో అక్కడికే వెళతాయి. వీటిలో రెండు జాతులున్నాయన్నది శ్రావణి లాంటివాళ్లు మనసులో పెట్టుకోవాలి. ఒకటి ఇప్పటికిప్పుడు ఊపిరి ఆడించేది. పీల్చిన కొద్ది నిమిషాల్లో హాయిగా ఉంటుంది, కొన్ని గంటల్లో దిగిపోతుంది. రెండోది గొట్టాల లోపలి వాపును తగ్గించే స్టెరాయిడ్. ఇది పీల్చితే ఆ పూట ఏమీ తెలియదు. రోజూ వాడితే వారాల మీద ఆయాసం రావడమే తగ్గుతుంది. ఈ రెండో జాతిలోనే, స్టెరాయిడ్‌తో పాటు ఎక్కువసేపు గొట్టాలను తెరిచి ఉంచే మందును కలిపినవి కూడా ఉంటాయి.

జనం మొదటిదాన్ని ప్రేమిస్తారు, రెండోదాన్ని మానేస్తారు. తప్పు పట్టలేం. వేసుకున్నా తెలియని మందును రోజూ ఎవరు గుర్తుపెట్టుకుంటారు? అందుకే చెప్పేవాడు ఒకడుండాలి. మా దవాఖానాలో ఆ చెప్పేవాడు నేనన్నమాట. నేనేమో "తర్వాత" అంటున్నాను.

అంతకంటే సిగ్గుపడాల్సింది ఇంకోటుంది. పంపు అంటే చివరి మెట్టనీ, ఒకసారి పడితే వదలదనీ వీధిలో వాళ్లు అనుకునేవారు. ఫార్మసీ చదివిన నేను కూడా లోపల్లోపల అదే అనుకునేవాడిని. మా ఎదురింటాయన అడిగితే, "మాత్రలతో నెట్టుకురాగలిగితే పంపు జోలికి పోకండి" అని సలహా కూడా ఇచ్చాను. ఆయన నన్ను డాక్టరు గారూ అని పిలిచేవాడు. నేను సవరించేవాడిని కాదు.

యాదగిరి

నేను రిటైరవడానికి ఇంకా కొన్నేళ్లుండగా, మా స్టోరుకు ఆ రెండో జాతి పీల్చే మందు క్యాప్సూళ్ల రూపంలో వచ్చింది. చూడటానికి మామూలు క్యాప్సూలే. లోపల మెత్తని పొడి. దాన్ని అరచేతిలో ఇమిడే ఒక ప్లాస్టిక్ పరికరంలో పెట్టి, తిప్పితే క్యాప్సూల్ తెరుచుకుంటుంది. అప్పుడు పెదాలు బిగించి గట్టిగా లాగితే పొడి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. అయితే మాకు ముందు క్యాప్సూళ్లు వచ్చాయి. పరికరాలు చాలా వారాలు ఆలస్యంగా వచ్చాయి.

ఆ మధ్యకాలంలో యాదగిరి వచ్చాడు. నలభై దాటిన మనిషి, ఉస్మాన్‌గంజ్‌లో ఒక మిర్చి గోదాములో హమాలీ. ఉండేది ఫలక్‌నుమా స్టేషను వెనక. రోజంతా మిరప బస్తాల మధ్య, ఆ ఘాటులో పని. డాక్టరమ్మ క్యాప్సూళ్లు రాసింది, వాటి పక్కనే పరికరం అని కూడా రాసింది. ఎంతటి చేతిరాతనైనా చదివే నేను ఆ మాట కూడా చదివాను. మా దగ్గర లేదు కాబట్టి వదిలేశాను. క్యాప్సూళ్లు సందులోంచి తోసి, "పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి" అన్నాను.

తర్వాత పరికరాలు వచ్చాయి. పెట్టె బీరువాలో పెట్టి, ఎవరైనా అడిగితే ఇచ్చేవాడిని. అడగాలంటే అలాంటిదొకటి ఉందని వాళ్లకు తెలియాలి కదా అన్న ఆలోచన నాకు రాలేదు.

యాదగిరి నెల నెలా వచ్చేవాడు, వచ్చినప్పుడల్లా ముందటికంటే డీలాగా. మా డాక్టరమ్మ సులోచన గారు ఛాతీ విని, మోతాదు పెంచి, మాత్రలు కలిపి, తల పట్టుకునేది. ఆవిడ కరీంనగర్ మనిషి. నాకంటే పదేళ్లు చిన్న, నాకంటే పదింతలు ఓపిక. "మందు మంచిదే, మరి ఎందుకు పనిచేస్తలేదు?" అని నన్నడిగింది.

నాకు జవాబు సిద్ధంగా ఉంది. "వేసుకోడు మేడం. వీళ్లంతా ఇంతే. తీసుకెళ్లి మూల పడేస్తారు."

ఆ మాట ఆవిడతో మాత్రమే అని ఊరుకుంటే బాగుండేది. తర్వాతి నెల యాదగిరి కిటికీ దగ్గరికొచ్చినప్పుడు వరసంతా వినేలా, "ఏమయ్యా, మందు వేసుకుంటున్నావా? బీడీలు కాలుస్తున్నావా?" అన్నాను.

"రోజు ఏసుకుంటున్న సార్. ఒక్క పూట గూడ తప్పలే. బీడీ ముట్టక మూడేండ్లాయె."

"అబద్ధాలు చెప్పకు. వేసుకుంటే ఇలా ఎందుకుంటావు?"

అతను జాలీలోంచి నా వైపు చూశాడు. ఏదో అనబోయాడు, దగ్గు వచ్చింది. నేను "తర్వాత" అన్నాను.

ఇంకోసారి నడవలేకపోతే గోదాము గుమాస్తా అతన్ని స్కూటరు మీద తీసుకొచ్చాడు. యాదగిరి లోపల మేడం దగ్గరుండగా, గుమాస్తా కిటికీ దగ్గరికొచ్చి, "ఏంది సార్ వీని కత? నిజంగ బీమారా, పని ఎగ్గొడుతుండా?" అని అడిగాడు. రోగి సంగతి మూడో మనిషికి చెప్పకూడదని నాకు తెలుసు. తెలిసీ, ఏదో పెద్ద మనిషిలా, "మందు సరిగ్గా వాడడయ్యా, అడిగితే అబద్ధాలు చెప్తాడు" అన్నాను. ఆ ఒక్క మాట ఎంత దూరం పోయిందో నాకు చాలా తర్వాత తెలిసింది.

నీళ్లియ్యుండ్రి

ఒక సోమవారం పొద్దున, అప్పుడే తలుపులు తీశాం. యాదగిరి భార్య నర్సమ్మ ఆటోలోంచి అతన్ని దింపలేక, "మేడమ్! మేడమ్!" అని కేకలు పెట్టింది. అతను మాట్లాడలేకపోతున్నాడు. ఒక్కో మాటకు ఒక్కో ఊపిరి. పెదాలు నీలంగా ఉన్నాయి. మెడ దగ్గర గుంట పడి లేస్తోంది. నర్సు ఆక్సిజన్ పెట్టింది. నెబ్యులైజర్‌లో మందు పోసి ఇచ్చింది నేనే. అది మందును పొగమంచులా చేసి మాస్కులోంచి పంపుతుంది, లాగే బలం లేనివాళ్లకు అదే దిక్కు. మేడం స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇచ్చింది. అంబులెన్సు వచ్చేదాకా నర్సమ్మ అతని వీపు నిమురుతూ, "రోజు ఏసుకుంటుండు మేడం, నా కండ్ల ముంగట ఏసుకుంటుండు" అని అదే మాట అంటూ ఉంది.

అంత జరుగుతున్నా మనసులో, చూశావా, మందు వాడకపోతే ఇంతే అనుకున్నాను. నా బుద్ధి అప్పుడు అలా ఉండేది.

పెద్దాసుపత్రిలో నాలుగు రోజులుండి బతికి వచ్చాడు. వచ్చిన రోజు మేడం అతన్ని, నర్సమ్మను కూర్చోబెట్టి, నన్ను కూడా లోపలికి పిలిచింది. అతని సంచిలో మిగిలిన క్యాప్సూళ్లు తీయించింది.

"యాదగిరీ, ఇది రోజు ఎట్ల తీసుకుంటున్నవో నాకు ఒకసారి చేసి సూపెట్టు."

యాదగిరి క్యాప్సూల్ అరచేతిలో పెట్టుకుని అటూ ఇటూ చూశాడు. "జర నీళ్లియ్యుండ్రి మేడం."

నర్సమ్మే లేచి కుండలోంచి గ్లాసు ముంచి ఇచ్చింది. అతను క్యాప్సూల్ నోట్లో వేసుకుని, నీళ్లు తాగి, గ్లాసు కింద పెట్టి, బడిలో పాఠం అప్పజెప్పిన పిల్లాడిలా మేడం వైపు చూశాడు.

మేడం అతని వైపు చూడలేదు, నా వైపు చూసింది.

పొట్టలోకి పోయిన ఆ మందు వల్ల హాని ఏమీ లేదు. ఉపయోగం కూడా లేనట్టే. నాలుగు నెలలు ఆ మనిషి ఒక్క పూట తప్పకుండా మందు వేసుకున్నాడు, ఒక్క రవ్వ కూడా చేరాల్సిన చోటికి చేరలేదు. పరికరాలు నా బీరువాలో, నా వీపుకు జానెడు దూరంలో ఉన్నాయి.

మీసాల మీద పొడి

మేడం నన్ను కేకలేయలేదు. మెమో ఇచ్చి ఉంటే బాగుండుననిపించేలాంటి శిక్ష వేసింది. "రేపటి నుంచి మీరు కిటికీ ఎనక కాదు ప్రసాదరావు గారూ, బయట స్టూలు మీద కూసోండి. ఆయాసం వాళ్లకు ఒక్కొక్కరికి చేసి సూపెట్టి మందు ఇయ్యండి. ముందు నాకు చూపించండి."

మర్నాడు వరండాలో, వరసలో ఉన్నవాళ్లందరి ఎదుట, పరికరంలో క్యాప్సూల్ పెట్టాను, తిప్పాను, నోట్లో పెట్టుకున్నాను. ఇన్నేళ్లు మందులతో గడిపినవాడిని కదా, ఛాతీ ఉబ్బించి, బలంగా ఊదాను. పొడి అంతా ఎగిరి మీసాల మీద పడింది.

ముందు వరసలో ఉన్న రహీమాబీ నవ్వాపుకోలేకపోయింది. అరవై ఏళ్ల మనిషి, మేము ఇవ్వడం మొదలుపెట్టకముందే బయట డాక్టరు దగ్గర ఇది నేర్చుకుని ఏళ్ల తరబడి వాడుతోంది. "నక్కో ఫూంకో సాబ్! అందర్ ఖీంచో!" అంది. ఊదకు, లోపలికి లాగు అని.

లేచి వచ్చి, తన సంచిలోంచి తన పరికరం తీసి నాకు పాఠం చెప్పింది. ముందు ఊపిరంతా బయటికి వదిలెయ్యాలి, కానీ పరికరంలోకి కాదు. పెదాలు బిగించాలి. ఒక్కసారిగా గట్టిగా, లోతుగా లాగాలి. లోపల క్యాప్సూల్ గరగరమని తిరిగే చప్పుడు వినిపించాలి. పదంకెలు లెక్కపెట్టేదాకా ఊపిరి బిగపట్టాలి. తర్వాత నోరు పుక్కిలించి ఉమ్మెయ్యాలి, లేకపోతే స్టెరాయిడ్ నోట్లో మిగిలి తెల్లటి పూత వస్తుంది. డబ్బాలాంటి పంపు అయితే వేరే పద్ధతి. ముందు బాగా కుదపాలి, నొక్కుతూ నెమ్మదిగా లాగాలి. చేతికీ ఊపిరికీ జత కుదరనివాళ్లు మధ్యలో స్పేసర్ అనే గొట్టం పెట్టుకోవాలి. ఒకటి గట్టిగా, ఒకటి నెమ్మదిగా. ఈ తేడా నాకు కాగితం మీద తెలుసు. రహీమాబీకి ఊపిరిలో తెలుసు.

మూడోసారికి గరగర వినిపించింది. వరండాలో చప్పట్లు కొట్టారు. నా ఉద్యోగ జీవితంలో నాకు దక్కిన సన్మానం అదొక్కటే.

తర్వాత వెతికితే మింగుతున్నవాళ్లు ఇంకో ముగ్గురు తేలారు. నాలుగో ఆవిడ క్యాప్సూల్ విప్పి పొడిని మరిగే నీళ్లలో కలిపి ఆవిరి పడుతోంది. ఆ మందు పీల్చాల్సిందని ఎవరూ చెప్పకుండానే ఊహించింది. చెప్పాల్సిన నాకు మాత్రం తోచలేదు.

అప్పటి నుంచి వాదనలు కూడా తగ్గించాను. మృగశిర కార్తెకు చేప మందు మింగి వచ్చినవాళ్లతో అంతకుముందు పెద్ద లొల్లి పెట్టుకునేవాడిని. "మీరు వాదించకండి. అది తీసుకున్నా, ఈ పంపు బంద్ వెట్టొద్దని చెప్పండి, చాలు" అంది మేడం. చాలింది.

కొత్త మందు

ఇంతవరకూ చెప్పింది నా అజ్ఞానం. ఇప్పుడు చెప్పబోయేది నా పిరికితనం.

యాదగిరికి పరికరం ఇచ్చి, చేసి చూపించిన రోజున, అతను "మరి ఇన్నొద్దులు మింగిన గద సార్?" అని అడిగాడు. నిజం నాలుక చివరిదాకా వచ్చింది. వరసలో జనం ఉన్నారు. "అది పాత మందు. ఇది కొత్తది, పీల్చేది. మార్చాం" అన్నాను. మేడం సాయంత్రం, "జరిగింది అతనికి మీరే చెప్పమన్న కదా, చెప్పినారా?" అని అడిగితే "చెప్పాను మేడం" అన్నాను. పీల్చమని చెప్పాను కదా, అబద్ధమేముంది అని నాకు నేను నచ్చజెప్పుకున్నాను.

ఆరు వారాల్లో యాదగిరి మారిపోయాడు. మెట్లెక్కి వచ్చి, ఆయాసం లేకుండా నిలబడి, "సార్, మీ కొత్త మందు మస్తు పనిచేస్తుంది. గోదాముల అందరికి చెప్పిన, ప్రసాద్ సార్ నా కోసం తెప్పిచ్చిండని" అన్నాడు. నర్సమ్మ రెండు చేతులూ జోడించింది. నా జన్మలో అంత బరువైన దండం ఎవరూ పెట్టలేదు.

మరో నెలకు మల్లేశం వచ్చాడు. అదే గోదాములో హమాలీ. వచ్చాడంటే నడిచి కాదు, ఇద్దరు పట్టుకుని తెచ్చారు. మళ్లీ నెబ్యులైజర్, మళ్లీ ఇంజెక్షన్. అదృష్టం బాగుండి గంటలో తేరుకున్నాడు. అప్పుడు మేడం, "నువ్వు బయట డాక్టరు దగ్గర మంచిగ మందు వాడుతున్నవట కదా, ఏమైంది?" అంది.

"ఆ పాత గోలీలు బంద్ వెట్టిన మేడం. యాదగిరికి పాతయి పనిజెయ్యలేదట గద. కొత్తయి ఇచ్చినంకనే మంచిగైండు. నాకు గూడ ఆ కొత్తయే ఇయ్యుండ్రి" అని జేబులోంచి సగం వాడిన డబ్బా తీశాడు.

అదే మందు. అదే క్యాప్సూల్. రెండేళ్లుగా సరిగ్గా పీల్చుకుంటూ హాయిగా ఉన్న మనిషి, నేను నా పరువు కోసం చెప్పిన ఒక్క ముక్క నమ్మి ఇరవై రోజులుగా మానేశాడు.

"ఏ కొత్త మందు, ప్రసాదరావు గారూ?" అంది మేడం.

మల్లేశాన్ని బయట కూర్చోబెట్టాక, ఈసారి నిజం చెప్పాను. నిలబడే చెప్పాను, కూర్చునే ధైర్యం లేదు. ఆవిడ మల్లేశం డబ్బా నా చేతిలో పెట్టి, "నేను పోయి చెప్తే మీ తరఫున మాఫీ అడిగినట్టయితది. మీరే పోండి" అంది.

ఉస్మాన్‌గంజ్

మర్నాడు మధ్యాహ్నం, హమాలీలు అన్నం తినే వేళకు వెళ్లాను. వీధిలో అడుగు పెట్టగానే ఘాటు ముక్కుకెక్కింది. గోదాము గుమ్మం దాటేసరికి వరసగా తుమ్ములు, కళ్లలో నీళ్లు. అక్కడ పదేళ్లు పని చేసిన మనిషితో బీడీలు కాలుస్తున్నావా అన్నవాణ్ణి నేను. పది నిమిషాలు నిలబడటమే నాకు గగనమైంది.

యాదగిరి నన్ను చూసి కంగారుగా లేచాడు. "అరే, ప్రసాద్ సార్! ఏంది సార్ గిట్ల వచ్చిండ్రు? కూసోండ్రి, కూసోండ్రి." ఒక ఖాళీ డబ్బా తిరగేసి, తువ్వాలుతో తుడిచాడు. మల్లేశం, ఇంకో ఏడెనిమిది మంది టిఫిను గిన్నెలతో చుట్టూ చేరారు.

కూర్చోలేదు. జేబులోంచి మల్లేశం డబ్బా, యాదగిరికి ఇచ్చే డబ్బా తీసి పక్కపక్కన పెట్టి చూపించాను. "కొత్త మందు ఏదీ లేదు. రెండూ ఒకటే. యాదగిరికి మొదటినుంచీ ఇదే ఇచ్చాను. పీల్చాలని నేను చెప్పలేదు. పీల్చే పరికరం నా బీరువాలోనే ఉంది, ఇవ్వలేదు. మందు మార్చామన్నది అబద్ధం. మల్లేశం, నువ్వు నీ మందు మానొద్దు."

నేను తిట్లకు సిద్ధపడి వచ్చాను. దారిలో బస్సులో కూర్చుని, ఏ తిట్టుకు ఏం జవాబివ్వాలో కూడా అనుకుంటూ వచ్చాను. మల్లేశం మాత్రం, "మీ లొల్లిల నా పాణం పోతుండె సార్" అన్నాడు. నిజమే అన్నాను.

యాదగిరి రెండు డబ్బాలూ చేతిలోకి తీసుకుని తిప్పి తిప్పి చూశాడు. తర్వాత అడిగాడు.

"అంటే నేను మీరు చెప్పినట్టే చేసిన గద సార్?"

"చేశావు."

"ఒక్క పూట గూడ తప్పలే గద?"

"తప్పలేదు."

"మరి నన్ను అబద్ధాలకోరు అంటిరి. గుమాస్తాకు గట్లనే చెప్తిరి. ఆయన సేటుకు చెప్పిండు. కాంటా కాడ ఉండేటోన్ని సార్, తూకం జూసుకుంట. కామ్‌చోర్, పనిదొంగ అని నన్ను అక్కన్నించి తీసి బస్తాలల్ల ఏసిండు. ఇంట్ల గూడ, నర్సమ్మ దప్ప, మా అన్నదమ్ములు ఎవ్వలు నమ్మలే." గొంతు పెంచలేదు. "మందు సంగతి ఫికర్ లేదు సార్. తప్పు ఎవలకైనా అయితది. గానీ ఆ మాట వాపస్ తీస్కోండ్రి."

ఆయాసంతో సతమతమవుతున్న మనిషిని ఇంకా ఎక్కువ దుమ్ములోకి తోసింది నా మాటేనని అప్పుడు తెలిసింది. అతనికి చెయ్యగలిగిన అపకారంలో నేను ఏదీ మిగల్చలేదు.

"ఈ మనిషి అబద్ధం ఆడలేదు" అన్నాను అందరితో. "రోజూ మందు వేసుకున్నాడు. నేను చెప్పినట్టే వేసుకున్నాడు. తప్పు నాది."

యాదగిరి తల ఊపాడు. కానీ కూర్చోలేదు. "లోపటికి రాండ్రి సార్" అని గద్దె మీద లెక్కలు చూసుకుంటున్న సేటు దగ్గరికి తీసుకెళ్లాడు. గుమాస్తా పక్కనే ఉన్నాడు. తింటున్నవాళ్లంతా మా వెనకే వచ్చారు.

"సేటుకు తెలుగు రాదు. హిందీల చెప్పుండ్రి."

ఇన్నేళ్లు హైదరాబాదులో ఉన్నా, ఏది ఆడ మాటో ఏది మగ మాటో తెలియని హిందీ నాది. సేటు కళ్లజోడు పైకెత్తి నా వైపు చూశాడు. నేను చేతులు కట్టుకుని, "సేట్‌జీ, యే ఆద్మీ ఝూఠ్ నహీ బోలా. దవా రోజ్ లియా. హమ్ గలత్ బతాయా. గల్తీ మేరా హై" అన్నాను.

వెనక నుంచి పకపక నవ్వు. గుమాస్తా కూడా నవ్వాడు. సేటు పెదాలు కదిలాయి. నేను కూడా నవ్వేసి బయటపడదామనుకున్నాను. అలవాటైన దారి.

యాదగిరి నవ్వలేదు. రెండు చేతులూ పక్కలకు వదిలి, నా ముఖంలోకి చూస్తూ నిలబడ్డాడు.

"గల్తీ మేరీ అనాలె సార్. ఇంకొక్కసారి చెప్పుండ్రి, సక్కగ."

నవ్వులు ఆగిపోయాయి. మొదటినుంచీ మళ్లీ చెప్పాను, ఒక్కో మాటా విడివిడిగా. ఈ మనిషి అబద్ధం ఆడలేదు. రోజూ మందు తీసుకున్నాడు. నేనే తప్పు చెప్పాను. గల్తీ మేరీ హై.

సేటు యాదగిరి వైపు చూసి, పుస్తకం మూసి, "కల్ సే కాంటే పే ఆజా" అన్నాడు. రేపటి నుంచి కాంటా దగ్గరికి వచ్చెయ్ అని.

యాదగిరి నాకు దండం పెట్టలేదు. తువ్వాలు దులిపి భుజాన వేసుకుని, చల్లారిపోయిన అన్నం దగ్గరికి వెళ్లి కూర్చున్నాడు.